టూసాన్ నగరంలో ఎక్కడ తినాలి? రుచుల జాబితాలపై ఒక వైద్యుని అభ్యంతరం

అమెరికా నైరుతి మూలన, అరిజోనా రాష్ట్రంలో, సొనోరా ఎడారి నడుమ టూసాన్ అనే నగరం ఉంది. ఫీనిక్స్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్లు. ఆ ఊరికి వెళ్లే ప్రతివారికీ, ముఖ్యంగా పిల్లలను చూడటానికి వెళ్లే మన తల్లిదండ్రులకు, ఎవరో ఒకరు ఒక జాబితా చేతిలో పెడతారు: ‘ఈ పది చోట్లా తిని తీరాలి’. ఇటువంటి జాబితాలు నేను చాలా చూశాను. అచ్చులో వచ్చినవి, నోటిమాటగా చెప్పినవి, బంధువుల మధ్య చేతులు మారి వచ్చినవి. అన్నిటిలోనూ ఇంచుమించు అవే పేర్లు, అవే పొగడ్తలు. నా అభ్యంతరం ఆ భోజనశాలల మీద కాదు, అక్కడ వండేవారి నైపుణ్యం మీద అంతకన్నా కాదు. ఆ తిండి ఎవరికి తగును, ఎవరికి తగదు, ఆ నేలతో దానికున్న సంబంధమేమిటి అన్నవి ఒక్క ముక్కయినా చెప్పకుండా ‘సిఫార్సు’ అనే బరువైన మాటను వాడుతున్నారే, దాని మీద. నేను నా ఉద్యోగకాలమంతా చీటీ మీద మందు రాసినప్పుడల్లా మోతాదు రాశాను, ఎవరు వాడరాదో చెప్పాను. తిండిని సిఫార్సు చేసేవారికి ఆ బాధ్యత ఎందుకుండదో నాకు అర్థం కాదు.

ముందుగా ఆ ఊరి గొప్పతనం ఏమిటో చెప్పాలి. 2015 డిసెంబరులో యునెస్కో సంస్థ టూసాన్‌ను పాకకళా నగరంగా గుర్తించింది. అమెరికాలో ఆ గౌరవం దక్కిన మొట్టమొదటి నగరం అదే. న్యూయార్కు కాదు, శాన్‌ఫ్రాన్సిస్కో కాదు. ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన కూడా పడని ఎడారి పట్టణం. మన రాష్ట్రంలో కరవుకు మారుపేరైన అనంతపురంలో దానికి దాదాపు రెట్టింపు పడుతుంది. మరి ఆ గుర్తింపు ఎందుకు వచ్చింది? అక్కడి శాంతాక్రూజ్ నదీలోయలో నాలుగు వేల ఏళ్లకు పైబడి వ్యవసాయం సాగుతోంది. ఆ ఎడారికి అలవాటుపడిన పంటలు, వాటి విత్తనాలు, వాటిని వండే పద్ధతులు ఇంకా పూర్తిగా అంతరించలేదు. 1983 నుంచి అక్కడ నేటివ్ సీడ్స్ సెర్చ్ అనే సంస్థ దేశవాళీ విత్తనాలను సేకరించి కాపాడుతోంది. సత్కారం జరిగింది ఆ నాలుగు వేల ఏళ్ల తిండికి. మన చేతికి వచ్చే జాబితాలో మొదటి పేరు మాత్రం హాట్‌డాగ్.

సొనోరా హాట్‌డాగ్ అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. మాంసాన్ని రుబ్బి, ఉప్పు, నిల్వ రసాయనాలు కలిపి గొట్టంలా చేసిన సాసేజ్. దాని చుట్టూ బేకన్ అనబడే పంది మాంసపు పట్టీ చుట్టి పెనం మీద కాలుస్తారు. మెత్తటి బన్ను మధ్య పెట్టి చిక్కుళ్లు, ఉల్లి, టమాటా, మయొనీజ్, ఆవపిండి ముద్ద, పచ్చిమిరప వేస్తారు. దీనికి పేరుపడిన ఎల్ గ్వెరో కనేలో 1993లో ఒక తోపుడుబండితో మొదలైంది. 2018లో జేమ్స్ బియర్డ్ పురస్కారం అందుకుంది. వలస వచ్చి, బండి తోసి, ఆ స్థాయికి ఎదిగిన శ్రమకు నేను నమస్కరిస్తాను. కానీ శ్రమకు నమస్కరించడం వేరు, ఆ పదార్థాన్ని డెబ్బై ఏళ్ల రక్తపోటు రోగికి సిఫార్సు చేయడం వేరు.

ఒక విచిత్రమైన కాకతాళీయం గమనించండి. యునెస్కో గుర్తింపు 2015 డిసెంబరులో వచ్చింది. దానికి రెండు నెలల ముందు, అదే ఏడాది అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం శుద్ధిచేసిన మాంసాలను, అంటే సాసేజ్, బేకన్, హామ్ వంటివాటిని, మనిషికి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ అవకాశం సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. 50 గ్రాములంటే ఇంచుమించు ఒక సాసేజ్. పొగాకూ ఇదే వర్గంలో ఉంది కాబట్టి రెండూ సమానమైన ప్రమాదాలని కొందరు ప్రచారం చేశారు, అది తప్పు. ఆ వర్గీకరణ సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుందే తప్ప ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. ఏడాదికి ఒకసారి రుచి చూసినవారికి ఏమీ కాదు. నేను భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ ఊరి ప్రతిష్ఠకు గుర్తుగా ఎన్నుకోదగిన పదార్థం ఇదేనా అని మాత్రమే అడుగుతున్నాను.

జాబితాలో రెండో పేరు తరచుగా ఎల్ చారో. 1922లో మోనికా ఫ్లిన్ అనే మహిళ స్థాపించిన భోజనశాల అది. అక్కడి ‘కార్నె సెకా’ను, అంటే ఎండు మాంసాన్ని, కప్పు మీద తీగల పంజరంలో పెట్టి ఎడారి ఎండకు ఎండబెడతారు. మన తెలంగాణలో తునకలు ఎండబెట్టుకోవడం చూసినవారికి ఇది కొత్త కాదు. ఎండను వంటవాడిగా చేసుకున్న తెలివి అది, మెచ్చుకోదగినది. కానీ జాబితాలు చెప్పేది దాని గురించి కాదు, ‘చిమిచాంగా’ గురించి. మాంసమో చిక్కుళ్లో పెట్టి మడిచిన పెద్ద గోధుమ రొట్టెను నిండా నూనెలో వేయించినది చిమిచాంగా. పొరపాటున బూరెల మూకుట్లో రొట్టె జారిపడితే పుట్టిందని ఒక కథ చెబుతారు. కథ నిజమో కాదో గాని, నూనె మాత్రం నిజం.

ఇక ఆ ఊరి ప్రచారంలో వినిపించే మాట ‘అమెరికాలోకెల్లా ఉత్తమమైన 23 మైళ్ల మెక్సికన్ భోజనం’. అన్ని మైళ్ల పొడవునా మన శాకాహారులకు పొంచి ఉన్న ఒక సంగతి ఏ జాబితా చెప్పదు. రీఫ్రైడ్ బీన్స్ అనే మెత్తటి చిక్కుళ్ల ముద్దను సంప్రదాయంగా పంది కొవ్వుతో వేయిస్తారు. సొనోరా పద్ధతి గోధుమ రొట్టెలు, మన రుమాలీ రొట్టెలా పలుచగా వెడల్పుగా ఉండేవి, వాటిలోనూ పిండికి పంది కొవ్వు కలపడం పాత ఆనవాయితీ. ఎర్రగా కనిపించే అన్నాన్ని కోడి మాంసపు రసంలో వండటం మామూలు. ‘మాంసం లేదుగా’ అని అడిగితే ‘లేదు’ అంటారు. వారు అబద్ధమాడటం లేదు. వారి దృష్టిలో కొవ్వు మాంసం కాదు. జీవితమంతా గుడ్డు కూడా ముట్టని పెద్దలను పిల్లలు తీసుకువెళ్లి, తెలియక వారి నియమాన్ని భంగపరుస్తున్నారు. ‘సిన్ మాంతెకా’ అంటే స్పానిష్‌లో ‘పంది కొవ్వు లేకుండా’ అని. ఈ ఒక్క మాట నేర్పని జాబితా మన పెద్దలకు దేనికి? వేయించినవి కాకుండా కుండలో ఉడికించిన చిక్కుళ్లు ఇమ్మని అడగవచ్చు. వాటిని ‘ఫ్రిహోలెస్ దె లా ఓయా’ అంటారు. వాటిలోనూ మాంసపు ముక్క వేశారేమో అడిగి తెలుసుకోవాలి.

గోధుమ రొట్టె, మొక్కజొన్న రొట్టె రెండూ అడుగుతారు. మొక్కజొన్నది తీసుకోండి. కారణం చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం కనుక కొంచెం ఓపిక పట్టండి. మెక్సికో ప్రజలు మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బుతారు. ఈ పద్ధతి వేల ఏళ్ల నాటిది. దానివల్ల గింజలో బంధించి ఉన్న నియాసిన్ అనే బి విటమిన్ విడుదలై ఒంటికి అందుతుంది, సున్నం నుంచి కాల్షియం చేరుతుంది. యూరప్ వారు మొక్కజొన్నను మాత్రం తీసుకుపోయి ఈ పద్ధతిని వదిలేశారు. ఫలితంగా ఇటలీ, స్పెయిన్‌లలో, తరువాత అమెరికా దక్షిణాదిలో పెల్లాగ్రా వ్యాధితో జనం అల్లాడిపోయారు. చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, చివరకు మతిభ్రమణం. ఈ వ్యాధిని వైద్య విద్యార్థిగా నేను పుస్తకంలోనే కాదు, మంచాల మీద చూశాను. దక్కన్ పీఠభూమిలో జొన్న ప్రధానాహారంగా బతికే పేదల్లో అది కనిపించేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య దీనిపై చేసిన పరిశోధన 1960లో వెలువడి ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందుకు దోహదం చేస్తుందని వారు ప్రతిపాదించారు. ఎడారి పక్కన ఏ ప్రయోగశాలా లేని స్త్రీలు సున్నపు కుండతో సాధించినదేమిటో ఈ చరిత్ర తెలిసినవారికే అర్థమవుతుంది. ఆ రొట్టె విలువ గురించి ఏ జాబితాలోనైనా ఒక వాక్యం ఉందా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ ఎడారి సొంత తిండి ఏది?

టెపరీ చిక్కుడు మొదటిది. మన అలసందల కన్నా చిన్న గింజ. తెలుపు, గోధుమ రంగుల్లో దొరుకుతుంది. వేసవి చివర రెండు మంచి వానలు పడితే చాలు, రెండు మూడు నెలల్లో పండిపోతుంది. నీరు ఎక్కువైతేనే దానికి నచ్చదు. పీచు, మాంసకృత్తులు సమృద్ధిగా ఉంటాయి. దానిలోని పిండిపదార్థం నెమ్మదిగా జీర్ణమవుతుంది. అక్కడి ఆదివాసులైన తొహొనొ ఓదమ్‌లకు, అంటే ‘ఎడారి జనానికి’, ఇది ప్రాణాధారం. బయటివారు వారిని పాపగో అని పిలిచేవారు. ‘చిక్కుళ్లు తినేవారు’ అన్న భావం గల మాట నుంచి వచ్చిన పేరది. 1986లో ఆ జాతి ఆ పేరును అధికారికంగా వదిలి తమ సొంత పేరు పెట్టుకుంది. ఎగతాళి పేరులో కూడా వారి పోషకాహార శాస్త్రం దాగి ఉండటం చూడండి.

రెండోది మెస్కీట్ కాయ. ఇది మనకు పరాయిది కాదు. మన పొలాల గట్ల మీద, చెరువుల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ అమెరికా నుంచి తెచ్చి నాటిన దాని దాయాది. దసరా నాడు మనం ప్రదక్షిణం చేసే జమ్మి చెట్టును కూడా వృక్షశాస్త్రం చాలాకాలం ఇదే ప్రజాతిలో చేర్చింది. టూసాన్ ప్రాంతంలో మెస్కీట్ కాయలను ఎండబెట్టి పిండి పట్టిస్తారు. చక్కెర వేయకుండానే తియ్యగా ఉంటుంది, కాని దానిలోని జిగురు పీచు వల్ల రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. (ఇది చదివి ఎవరూ మన సర్కారు తుమ్మ కాయలు కోసి తినవద్దు. అక్కడివారు కూడా వానలు రాకముందే చెట్టు నుంచి కోస్తారు. తడిసిన కాయలకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది.)

మూడోది నోపాల్, అనగా మన నాగజెముడు జాతి మొక్క లేత ఆకు. ముళ్లు తీసి కోసి వండితే బెండకాయలా జిగురుగా, కొంచెం పుల్లగా ఉంటుంది. చోయా అనే మరో ముళ్ల జెముడు మొగ్గలను వసంతంలో పట్టకారుతో కోసి, ముళ్లు రాల్చి, ఉడికించి ఎండబెట్టి దాచుకుంటారు. వీటిలో కాల్షియం చాలా ఉందని గొప్పగా చెబుతారు. ఉన్నమాట నిజమే, కాని జెముళ్లలో ఆక్సలేట్లు కూడా ఎక్కువ. అవి కాల్షియాన్ని కొంతమేరకు పట్టి ఉంచుతాయి. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు మితంగా తినాలి. మంచి ఆహారమన్నంత మాత్రాన అందరికీ మంచిదని నేను అనను. అలా అంటే జాబితాలు రాసేవారికీ నాకూ తేడా ఉండదు.

చిల్తెపిన్ అనే బఠానీ గింజంత అడవి మిరప కూడా ఆ ప్రాంతానిదే. మన గుంటూరు మిరపకు పూర్వీకురాలి వంటిది. అంత చిన్న కాయ అంత మండగలదని మనవారు నమ్మరు, ఒకటి నమిలితే నమ్ముతారు. ఇక మెక్సికన్ హోటళ్లలో ‘హమైకా’ అనే ఎర్రటి చల్లని పానీయం అమ్ముతారు. అది మన ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే పుల్లటి రేకుల కషాయం. చక్కెర లేకుండా దొరికితే అమృతం. దొరకదు, అడిగి చేయించుకోవాలి.

ఇంత సంపద ఉన్న ఊరిలో మధుమేహం చరిత్ర ఏమిటో తెలుసా? మధుమేహం గురించి ప్రపంచ వైద్యులు నేర్చుకున్నదానిలో గణనీయమైన భాగం అరిజోనా ఆదివాసుల రక్తం నుంచే వచ్చింది. తొహొనొ ఓదమ్‌ల సోదరజాతి అకిమెల్ ఓదమ్, అంటే ‘నది జనం’. వైద్యగ్రంథాలు వారిని పీమాలు అంటాయి. 1965 నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వారిని పరిశీలించింది. 35 ఏళ్లు దాటినవారిలో దాదాపు సగం మందికి మధుమేహం ఉన్నట్లు 1971లో ప్రకటించింది. అప్పటికి ప్రపంచంలో మరెక్కడా నమోదుకాని స్థాయి అది. మేము చదువుకున్న రోజుల్లో దీన్ని ‘పొదుపు జన్యువు’ అనే సిద్ధాంతంతో వివరించేవారు. 1962లో జేమ్స్ నీల్ ప్రతిపాదించినది: కరవుల్లో బతకడానికి కొవ్వు దాచుకునే జన్యువులున్న జాతులు, తిండి పుష్కలమైన రోజుల్లో జబ్బుపడతాయని.

వినడానికి బాగుంటుంది. కాని ఆ మాట వాడినవారిలో చాలామంది కరవు ఎవరు తెచ్చారో చెప్పలేదు. అకిమెల్ ఓదమ్‌లు గీలా నది నీటిని కాలువలతో మళ్లించి పండించిన రైతులు. కాలిఫోర్నియాకు బంగారం కోసం పోతున్న తెల్లవారికి, సైన్యానికి గోధుమలు అమ్మినవారు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఎగువన వలసదారులు నదిని మళ్లించుకున్నారు. పొలాలు ఎండిపోయాయి, జనం ఆకలితో మాడారు. తరువాత ప్రభుత్వం దయతలచి పంచిపెట్టింది: తెల్ల గోధుమపిండి, పంది కొవ్వు, చక్కెర. నీటిపై వారి హక్కును గుర్తిస్తూ సమగ్రమైన చట్టం వచ్చింది ఎప్పుడో కాదు, 2004లో.

జన్యువులే కారణమనేవారికి సమాధానం సరిహద్దుకు అవతల ఉంది. మెక్సికోలోని మైకోబా అనే కొండప్రాంతంలో ఇదే పీమా జాతివారు పాతపద్ధతిలో వ్యవసాయం చేసుకుంటూ బతుకుతున్నారు. ఇద్దరి రక్తమూ దగ్గరి రక్తమే. 2006లో వెలువడిన అధ్యయనం ప్రకారం అరిజోనా పీమాల్లో మధుమేహం 38 శాతం, మైకోబా పీమాల్లో 6.9 శాతం. అయిదు రెట్లకు పైగా తేడా! ఆ తేడా తిండిది, శ్రమది. 1990లో జెనెట్ బ్రాండ్ మిల్లర్ బృందం ఆ ఎడారి సంప్రదాయ ఆహారాలను పరీక్షించి, టెపరీ, మెస్కీట్ వంటివి రక్తంలో చక్కెరను మెల్లగా మాత్రమే పెంచుతాయని చూపింది. పాత పీమా ఆహారంలో 70 నుంచి 80 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వచ్చేదని మరో అంచనా ఉంది. అన్నం, రొట్టె, పప్పు సమస్తం మానేసి కొవ్వు తాగమని మన ఊళ్లలో ఊదరగొడుతున్నవారు ఈ అంకెను రెండుసార్లు చదవాలి. దోషం పిండిపదార్థంలో లేదు, పీచు తీసేసిన పిండిపదార్థంలో ఉంది.

టూసాన్ దక్షిణాన సాన్ జేవియర్ దెల్ బాక్ అనే తెల్లని చర్చి ఉంది, 1797లో కట్టడం పూర్తయినది. చూడముచ్చటైన కట్టడం. దాని ముందరి ఆవరణలో పందిళ్ల కింద ఆదివాసీ స్త్రీలు ‘ఫ్రై బ్రెడ్’ అమ్ముతారు. మన భటూరా కన్నా పెద్దది, మైదా వంటి తెల్ల పిండిని పొంగించి నూనెలో వేయించినది; మీద తేనెగాని, చిక్కుళ్లుగాని వేసి ఇస్తారు. జాబితాలు దీన్ని ‘అసలైన ఆదివాసీ వంటకం’ అంటాయి. ఈ మాట నన్ను బాధిస్తుంది. 1864లో నవాహో జాతిని సైన్యం ఇళ్ల నుంచి వెళ్లగొట్టి, వందల మైళ్లు నడిపించి, నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడ ఇచ్చిన పిండి, కొవ్వుతో ప్రాణం నిలుపుకోవడానికి చేసుకున్న వంట ఇదని చెబుతారు. అది జైలు కూడు. దానిని సంప్రదాయమని అమ్మడం చరిత్రను తిరగరాయడమే. 2005లో సుజాన్ షోన్ హర్జో అనే ఆదివాసీ రచయిత్రి ఇదే మాట తమవారితోనే కటువుగా చెప్పి చాలామంది ఆగ్రహానికి గురయ్యారు. వారి కోపమూ నాకు అర్థమవుతుంది. అమ్మమ్మ చేతి వంటను ఎవరైనా విషమంటే ఎవరు ఊరుకుంటారు? ఫీనిక్స్‌లో 1992లో సిసిలియా మిల్లర్ అనే తొహొనొ ఓదమ్ మహిళ ప్రారంభించిన ఫ్రై బ్రెడ్ హౌస్‌కు 2012లో జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. ఆ కుటుంబాల స్వావలంబనను నేను తక్కువ చేయను. దుఃఖంలో పుట్టిన వంటకాన్ని దుఃఖంగానే గుర్తుపెట్టుకుని ఎప్పుడో ఒకసారి తినవచ్చు. వారానికి మూడుసార్లు తినమని ఎవరూ ఎవరికీ చెప్పరాదు.

ఈ కథ మనకు దూరమైనదని ఎవరైనా అనుకుంటే, మన చౌక దుకాణం సంచి తీసి చూడమంటాను. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకం ఆకలి తీర్చింది, దానిని ఆనాడు ఊళ్లలో కళ్లారా చూసినవాడిని, కాదనను. కాని కొర్ర, సజ్జ, జొన్న తినే మెట్టప్రాంతపు కంచంలోకి పాలిష్ పట్టిన తెల్ల బియ్యం వచ్చి కూర్చున్నాక మరి లేవలేదు. 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారని చెప్పింది. అక్కడి సర్కారు పిండికీ ఇక్కడి సర్కారు బియ్యానికీ ఉద్దేశాలు వేరు. క్లోమగ్రంథికి ఉద్దేశాలు తెలియవు.

ఫీనిక్స్, చాండ్లర్, టెంపీ ప్రాంతాల్లో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. టూసాన్ విశ్వవిద్యాలయంలో మన విద్యార్థులున్నారు. వారి జాబితాలు వేరు. ఏ హోటల్లో దమ్ బిర్యానీ బాగుంటుంది, ఆదివారం బఫేలో ఎన్ని రకాలు. తప్పేమీ లేదు, ఇంటి రుచి కోసం మనసు లాగుతుంది. కాని రోజంతా కుర్చీలో కూర్చుని, బయట ఎండ అని నడక మాని, వారాంతంలో బఫే మీద పడే 35 ఏళ్ల యువకుల రక్తపరీక్షల కాగితాలు నాకు వాట్సాప్‌లో వస్తుంటాయి. వాటిని చూస్తుంటే అరిజోనా నేల మీద రెండో పీమా కథ మొదలవుతోందా అనిపిస్తుంది. ఇది అతిశయోక్తి అనేవారు మూడు నెలల సగటు చక్కెర పరీక్ష చేయించుకుని వచ్చి వాదించండి. 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మధుమేహం అంచున ఉన్న మూడు వేల పైచిలుకు మందిని పరీక్షించారు. వారిలో అరిజోనా ఆదివాసులూ ఉన్నారు. తిండి మార్పు, వారానికి 150 నిమిషాల నడక మధుమేహాన్ని 58 శాతం తగ్గించాయి. మెట్‌ఫార్మిన్ మాత్ర 31 శాతం మాత్రమే తగ్గించింది.

నాకు తరచుగా ఎదురయ్యే ఆక్షేపణ ఒకటుంది. ‘డాక్టరుగారూ, విహారానికి వెళ్లినవాడు నాలుగు రోజులు రుచిగా తింటే మీకేమి కష్టం?’ ఏమీ కష్టం లేదు. నాలుగు రోజులు వెళ్లేవాడు నా రోగి కాదు. ఆరు నెలలుండే అమ్మానాన్నలు, అక్కడే స్థిరపడిన పిల్లలు నా రోగులు. పైగా రుచికీ ఆరోగ్యానికీ పడదని ఎవరు చెప్పారు? డాన్ గెర్రా అనే మాజీ ఉపాధ్యాయుడు తన ఇంటి గ్యారేజీలో రొట్టెలు కాల్చడం మొదలుపెట్టి, స్థానిక ధాన్యాలతో, పులియబెట్టిన పిండితో చేసిన రొట్టెలకు 2022లో అమెరికాలోకెల్లా ఉత్తమ రొట్టెల తయారీదారుగా జేమ్స్ బియర్డ్ పురస్కారం పొందాడు. అతని దుకాణం పేరు బారియో బ్రెడ్. రుచి లేకుండా ఆ పురస్కారం ఎవరూ ఇవ్వరు.

రెండో ఆక్షేపణకు ఇంకా బలముంది: టెపరీ చిక్కుళ్లు ఖరీదు, హాట్‌డాగ్ చవక. నిజం. కిరాణా కొట్లో దొరికే మామూలు చిక్కుళ్ల కన్నా టెపరీ ధర ఎక్కువే. పేదవాడి తిండి ధనికుల దుకాణంలోకి చేరడం మన చిరుధాన్యాలకూ పట్టిన గతే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాని నేను మాట్లాడుతున్న మన పిల్లలు అయిదు డాలర్ల కాఫీ తాగేవారు. వారికి ధర సాకు కాదు. కొనలేనివారు మామూలు పింటో చిక్కుళ్లు కుండలో ఉడికించుకున్నా చాలావరకు అదే మేలు.

మరి నేనైతే ఎక్కడికి వెళ్లమంటాను? సెంటినల్ పీక్ అనే గుట్ట కింద మిషన్ గార్డెన్ అనే తోట ఉంది. నాలుగు వేల ఏళ్లలో ఆ లోయలో ఎవరెవరు ఏమేమి పండించారో వరుసగా మళ్లు వేసి చూపిస్తారు. అక్కడ ముందు కళ్లతో తినండి. తరువాత సాన్ జేవియర్ చర్చికి వెళ్లినప్పుడు పందిరి దగ్గరే ఆగిపోకుండా, అక్కడికి దగ్గరలో తొహొనొ ఓదమ్‌లు నడుపుకునే సాన్ జేవియర్ సహకార వ్యవసాయ క్షేత్రం దుకాణానికి వెళ్లండి. టెపరీ, మెస్కీట్ పిండి, ఎండు చోయా మొగ్గలు వారి దగ్గర దొరుకుతాయి. డబ్బు పండించినవారికే చేరుతుంది. ఏ మెక్సికన్ హోటల్లోనైనా నోపాల్ ముక్కల కూర, ‘కాలబసీతాస్’ అనే లేత గుమ్మడి కూర, మొక్కజొన్న రొట్టె, కుండ చిక్కుళ్లు అడగండి. జున్ను తగ్గించమనండి. ముందుగా పెట్టే ఉప్పు చిప్సు బుట్టను వెనక్కి పంపండి. రోజుకు అయిదు గ్రాముల ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఆ బుట్ట, దానితో వచ్చే పచ్చడి కలిసి భోజనం రాకముందే ఆ కోటాలో మంచి భాగం మింగేస్తాయి.

పెద్దలకు ఇంకొక మాట. జూన్ నెలలో అక్కడ నలభై డిగ్రీలు మామూలు, గాలిలో తేమ ఉండదు. చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన క్షణమే ఆవిరైపోతుంది. రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవారు, చక్కెరను మూత్రం ద్వారా పంపే కొత్తరకం మధుమేహ మాత్రలు వాడేవారు ఆరుబయట బల్లల మీద మధ్యాహ్న భోజనానికి ఒప్పుకోవద్దు. దాహం వేసేదాకా ఆగకుండా నీరు తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బుతో నీటికి పరిమితి ఉన్నవారు ప్రయాణానికి ముందే మీ వైద్యుణ్ణి అడగండి. తియ్యటి ఐసు పానీయాలు నీటికి ప్రత్యామ్నాయం కావు.

టెపరీ కొన్నవారు వండే విధానం: గింజలు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోయండి. కొత్త నీటిలో ప్రెషర్ కుక్కర్‌లో మెత్తబడేవరకు ఉడికించండి. మామూలు చిక్కుళ్ల కన్నా ఎక్కువ సమయం పడుతుంది. సగం ఉడికినవి తినరాదు, కడుపునొప్పి, వాంతులు వస్తాయి. సన్న మంట మీద గంటల తరబడి పెట్టే విద్యుత్ పాత్రలో నేరుగా వేయకండి, ముందు బాగా మరగాలి. ఉడికాక మన అలసందల కూరలాగే ఉల్లి, వెల్లుల్లి, కొంచెం చింతపండుతో పోపు పెట్టుకోవచ్చు. మూత్రపిండాల జబ్బు ముదిరి పొటాషియం పరిమితి ఉన్నవారు మాత్రం తినకముందే మీ వైద్యుణ్ణి అడగండి.